ఇంటికో పేజీ

మా అన్నయ్య డాక్టరు. నేను దర్జీని. ఆ ఏడు వానాకాలంలో జబ్బుపడ్డవాళ్లు నా కొట్టు ముందు వరుసలో నిలబడ్డారు. చెప్తే జనం నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను.

అన్నయ్య పెద్దాసుపత్రిలో ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత నాలుగేళ్లు బజారులో ఒక గది తీసుకుని కూర్చున్నాడు. ఆ మేడని యజమాని పడగొట్టించాడు. కొత్త గది వెతుక్కునే ఓపిక లేక అన్నయ్య ఇంట్లో కూలబడ్డాడు. అలా అరవై నాలుగో ఏట, పొద్దున్నే లేచి స్నానం చేసి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాక ఎక్కడికెళ్లాలో తెలీని మనిషయ్యాడు. నాకు యాభై ఏడు. పన్నెండో ఏట, ఏడో తరగతి మధ్యలో నన్ను బడి మాన్పించిన దగ్గర్నుంచి, పొద్దున్నే ఎక్కడికెళ్లాలన్న సందేహం నాకు ఒక్కరోజు కూడా రాలేదు. మిషను మీదికి.

బళ్లు తెరవడానికి ఇంకా రెండు వారాలుందనగా వదిన కొట్టుకొచ్చింది. నేను నీలం నిక్కర్ల గుట్ట మధ్యలో ఉన్నాను.

"ఏం మరిదీ, ఆ రెండో కుర్చీ ఖాళీయేనా?"

"అది కస్టమర్లకి వదినా."

"కస్టమరే అనుకో. మీ అన్నయ్యని పంపిస్తాను. ఇంట్లో ఉంటే అల్మరాలు సర్దుతున్నారు. నేను సర్దినవే తీసి మళ్లీ సర్దుతున్నారు. నిన్న వంటింట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించారు. ముప్ఫై అయిదేళ్లుగా నా వంటిల్లు. ఏ డబ్బాలో ఏముందో నాకు తెలీదా?"

"పంపించు. పనికొస్తే జీతమిస్తాను."

"పనికొచ్చే మనిషైతే నేనే ఉంచుకునేదాన్నిగా" అని నవ్వుతూ వెళ్లిపోయింది.

మర్నాడు తొమ్మిదింటికల్లా అన్నయ్య వచ్చేశాడు. మా కొట్టు పెద్దదేం కాదు. నా మిషను, నాన్న మిషను, కత్తిరింపు బల్ల, ఒక నిలువుటద్దం, వేసుకుని చూసుకునేవాళ్లకి మూలన ఒక తెర. మిగిలిన జాగాలో ఆ కుర్చీ. నలభై ఏళ్లుగా అన్నయ్య తెల్ల కోట్లన్నీ ఈ గదిలోనే తయారయ్యాయి. ఆ కోటు వేసుకుని ఆయన నడుస్తుంటే జనం లేచి నిలబడేవాళ్లు. కుట్టినవాణ్ణి మాత్రం గుమ్మంలోంచే "ఏమయ్యా, ఐనాయా?" అనేవాళ్లు. ఇప్పుడు ఆయన, నేను ఒకే ఫ్యాను కింద కూర్చున్నాం. నాకు లోపల సంతోషంగానే ఉంది. ఎందుకు సంతోషమో తెలియలేదు. అన్న పక్కనున్నాడనా, కిందికి దిగొచ్చాడనా?

మూడో రోజు ఒంటిగంటకి భోజనానికి ఇంటికెళ్లి రెండింటికి తిరిగొచ్చాడు. చెప్పులు విప్పుతూ, "ఇవాళ కాస్త ఆలస్యమైందిరా. పొద్దున్నే నీళ్లు రాలేదు" అన్నాడు.

"పొద్దున్న తొమ్మిదింటి నుంచి ఇక్కడే ఉన్నావు కదా?"

నా వంక చూశాడు.

"రోజుకి రెండు పొద్దున్నలుంటే నాకూ బావుండు. ఈ యూనిఫారాలు తెమిలేవి" అని నవ్వాను. నేను నవ్వాక ఆయనా నవ్వాడు. రిటైరైనవాళ్లకి వారాలూ గంటలూ తేడా ఉండవని నేను సరిపెట్టుకున్నాను.

చదవడానికి ఏమీ దొరక్క అన్నయ్య నా కొలతల పుస్తకం తీశాడు. అది నాన్న కాలం నుంచీ ఉన్న పద్ధతి. ఇంటికో పేజీ. పైన ఇంటి పెద్దని గుర్తుపట్టేలా ఒక మాట, దాని కింద ఎప్పుడు తీసిన కొలత అప్పుడు, పక్కన నెలా సంవత్సరం. తండ్రిదైనా కొడుకుదైనా అదే పేజీలో ఒకదాని కింద ఒకటి. ఏది ఎవరిదో రాయం. అది దర్జీ తలలో ఉండాలి. నాన్న తలలో ఉండేది, నా తలలో ఉంది. రాసిపెట్టుకునేవాడు మంచి దర్జీ కాదని నాన్న అనేవాడు.

"ఒరేయ్ చిన్నోడా, ఈ నలభై రెండో పేజీ ఎవరు?"

"బస్సు డ్రైవరు."

"మొత్తం ఒక్కడివేనా?"

"ఒక్కడే. పెళ్లి చేసుకోలేదు, తెలివైనవాడు."

"మూడేళ్లలో నడుము నలభై నుంచి ముప్ఫై అయిదుకొచ్చింది. మెడ ముప్పావంగుళం తగ్గింది. తిండి తగ్గించాడా?"

"వాడా? హోటలు వాళ్లు వాణ్ణి చూస్తే తలుపేసుకుంటారు."

"అయితే వచ్చినప్పుడు ఒక మాట అడుగు. దాహం ఎక్కువగా ఉందా, దారిలో ఎక్కడపడితే అక్కడ బస్సాపి దిగుతున్నాడా అని."

"అన్నయ్యా, నేను ప్యాంటు కుడతాను. లోపల సంగతులు నాకెందుకు?"

అయినా అడిగాను. డ్రైవరు తెర చాటు నుంచి సగం ప్యాంటుతో బయటికొచ్చేశాడు. "నీకెవరు చెప్పారు? కండక్టరు చెప్పాడా? వాడి పని చెప్తానుండు!" అన్నాడు. అన్నయ్య చీటీ రాసిచ్చి రక్తం పరీక్షకి పంపాడు. షుగరు మూడొందల ఎనభై. డ్రైవరు ఆ సంగతి బస్సెక్కిన ప్రతివాడికీ చెప్పాడు.

ఇక చూసుకోండి. వానలు మొదలయ్యేసరికి కొట్టు నిండిపోయింది. చొక్కా కుట్టించుకోవాలన్న వంకతో వచ్చేవాళ్లు, వంక లేకుండానే వచ్చేవాళ్లు. అన్నయ్య పేజీ తిప్పేవాడు, "ఇది తండ్రిదా, కొడుకుదా?" అని నన్నడిగేవాడు, నేను చెప్పేవాణ్ణి. ఆయన చీటీ రాసేవాడు. పాత గది నుంచి తెచ్చుకున్న ఖాళీ చీటీల పుస్తకాలు సంచీ నిండా ఉన్నాయి. పక్కనున్న మందుల కొట్టాయన నాకు రోజూ రెండుసార్లు టీ పంపించడం మొదలుపెట్టాడు. నలభై అయిదేళ్లుగా ఆ పుస్తకం రాసింది నేను. దానిలో జబ్బులున్నాయని కనిపెట్టింది మాత్రం ఆయన. మా ఆవిడ "మీకు పేరొస్తోంది కదా" అంది. పేరు ఎవరికొచ్చిందో నాకు తెలుసు.

ఆ కాలంలోనే ఒక మధ్యాహ్నం గట్టిగా వాన పట్టుకుంది. గుమ్మం దాకా నీళ్లొచ్చాయి. వీధిలో మనిషి లేడు. అన్నయ్య కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ వీధిలో ఇంతమంది ఆరోగ్యంగా ఉన్నారని నాకు తెలీదురా" అన్నాడు. "నలభై ఏళ్లు జబ్బుపడ్డవాళ్లనే చూశాను. ప్రపంచమంతా దగ్గుతోందనుకున్నాను."

"ఇప్పుడేమనిపిస్తోంది?"

"వీళ్లందరూ నేను లేకుండానే బాగున్నారనిపిస్తోంది." కాసేపు వాన చూశాడు. "మా అమ్మాయి బళ్లో ఒక్కసారైనా దాని ఆట చూళ్లేదు. మీ వదినకి ఆపరేషనైన రోజు నేను వేరేవాళ్ల ఆపరేషన్లో ఉన్నాను. అప్పుడది గొప్ప అనుకున్నాను. అందరికీ చెప్పుకునేవాణ్ణి కూడా."

నేను చొక్కాకి చెయ్యి అతుకుతున్నాను.

"నువ్వు బడి మానేసిన రోజు..." అన్నాడు.

మిషను చక్రం మీద నా చెయ్యి ఆగిపోయింది. నలభై అయిదేళ్లలో మా ఇద్దరి మధ్య ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు గురించి నాకు తెలిసింది ఇంతే. నాన్న, అన్నయ్య లోపలి గదిలో తలుపేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను బయట మెట్టు మీద కూర్చున్నాను. తలుపు తీశాక అన్నయ్య నా వైపు చూడకుండా తల తిప్పుకుని సైకిలెక్కి వెళ్లిపోయాడు. నాన్న తన మెడలో టేపు తీసి నా మెడలో వేసి, "రేపట్నించి నాతో రా" అన్నాడు. ఆ వారమే అన్నయ్య డాక్టరు కాలేజీలో చేరాడు. తలుపు అవతల ఏం జరిగిందో చెప్పడానికి నాన్న లేడు, అమ్మ లేదు. అన్నయ్యని అడగడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది.

"నేను మిషను మీద కూర్చుంటాను, చిన్నోణ్ణి చదివించు, వాడికి నాకన్నా బుర్ర ఉంది అన్నాను నాన్నతో" అన్నాడు అన్నయ్య. "లాగి చెంప మీద కొట్టాడు. సీటొచ్చింది నీకు, వాడికి కాదు అన్నాడు. అందుకే నీ మొహం చూళ్లేదు. చెంప మీద వేళ్లు తేలి ఉన్నాయి. నువ్వు చూస్తావని తల తిప్పుకున్నాను."

నేను ఏదో ఒకటి అనాలి. "టీ తాగుతావా?" అన్నాను.

ఆ రోజు ఎడమ చెయ్యి కుడివైపు అతికేశాను. ఊడదీసి మళ్లీ కుట్టాల్సొచ్చింది. ఇంటికెళ్లి మా ఆవిడకి చెప్పాను. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదట?" అంది. ఆడవాళ్లకి ప్రతిదాంట్లో ఒక కన్నం కనిపిస్తుంది. కోప్పడ్డాను. ఆ తర్వాత మూడు వారాలు నేను నేలమీద లేను. నా బతుకు ఎవరో లాక్కున్నది కాదు, ఎవరో ఇవ్వబోయారు, అందలేదు. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

టీచరమ్మ వచ్చిన రోజు నేను దారపు ఉండల కోసం బజారుకెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆవిడ నా బల్ల ముందు నిలబడి ఉంది. చేతిలో గొడుగులోంచి నీళ్లు కారుతున్నాయి. పోస్టుమాస్టరు గారి భార్య. ఆయన పోయి రెండేళ్లైంది. క్రితం ఏడాది ఆవిడ భర్త ప్యాంట్లు తెచ్చి, పెద్దవాడైన కొడుక్కి సరిపోయేలా చిన్నవి చేయించింది. ఆ పేజీలో పోస్టుమాస్టరు నడుము ముప్ఫై ఎనిమిది, దాని కింద కొడుకు నడుము ముప్ఫై ఒకటి. రాసింది నేనే. ఎవరిదో రాయలేదు.

అన్నయ్య ఆ పేజీ మీద వేలు పెట్టి ఆవిడకి వివరిస్తున్నాడు. గొంతు మెల్లగా, మర్యాదగా ఉంది. రోగుల ఇంటివాళ్లతో ఆయన మాట్లాడే గొంతు అది.

"ఒక్క ఏడాదిలో ఏడంగుళాలంటే ఊరుకునేది కాదమ్మా. మీ వారిని రేపే ఒకసారి నా దగ్గరికి తీసుకురండి. కంగారేం లేదు. కానీ ఆలస్యం చెయ్యకండి."

టీచరమ్మ పేజీ మీంచి తలెత్తింది. నా వైపు చూసింది. పోస్టుమాస్టరు గారిని ఆఖరి నెలంతా చూసింది అన్నయ్యే. పోయాడని ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పిందీ అన్నయ్యే. మర్నాడు వెళ్లి పిల్లాడి పక్కన కూర్చున్నదీ అన్నయ్యే.

"నా తప్పమ్మా" అన్నాను. "పేజీ మీద పేరు తప్పు రాశాను. అన్నయ్య వేరే ఎవరో అనుకుంటున్నాడు. ఇంకొకాయన ఉన్నాడు, పోస్టాఫీసులోనే..."

"పర్వాలేదండీ" అంది. కుట్టిపెట్టిన కొడుకు ప్యాంటు తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "సార్‌ని జాగ్రత్తగా చూసుకోండి" అంది. తన ఇంట్లో ఒకరు పోయిన మనిషి నాకు ఆ మాట చెప్పింది.

"అలాంటి తప్పులు రాస్తే ఎలారా?" అన్నాడు అన్నయ్య. "మనిషి ప్రాణంతో పని ఇది."

"అవును" అన్నాను.

తప్పు నాదే అనుకోవచ్చు కూడా. పేజీ అలా ఉంది, చూసినవాడు ఎవడైనా పొరబడతాడు. కానీ మనిషి ఎదురుగా నిలబడి ఉంటే? ఆ మొహం చూశాకనైనా? రెండు రోజులు నేను ఇటూ అటూ తిరిగాను. మూడో రోజు మందుల కొట్టాయన టీ గ్లాసులు తనే పట్టుకొచ్చాడు.

"పెద్దాయన లేడా?"

"భోజనానికెళ్లాడు."

"అన్నా, ఏమీ అనుకోకు." జేబులోంచి ఒక చీటీ తీశాడు. "ఒక ముసలావిడకి ఒకే మందు, రెండు పేర్లతో రాశారు. రెండూ వేసుకుంటే ముసలావిడ లేవదు. నేను ఒకటే ఇచ్చాను. ఇలాంటిది ఈ నెలలో ఇది నాలుగోది. నా దగ్గరికొస్తే నేను చూసుకుంటున్నాను. ఇంకో కొట్టుకెళ్తే?"

"ఎవరికైనా చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను? మా నాన్నని బతికించింది ఆయన." టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

అప్పటికే నాకు తెలిసిపోవాల్సింది. తెలిసింది కూడా. ఐనా నేను వదిన దగ్గరికి వెళ్లలేదు. తొమ్మిది రోజులు వెళ్లలేదు. ఇది దాచుకోవడానికేం లేదు, రాసేస్తున్నాను. అన్నయ్య మతి చెదిరిందని నా నోటితో అంటే, వాన మధ్యాహ్నం ఆయన చెప్పిన మాట కూడా ఆ చెదిరిన మతిలోదే అవుతుంది. నలభై అయిదేళ్లకి దొరికింది. మూడు వారాలు ఉంచుకున్నాను. ఒకపక్క ఎవరో ఒక ముసలావిడ మందుబిళ్ల మింగబోతోంది, ఇంకోపక్క నేను నా చెంప దెబ్బ కథ పట్టుకుని కూర్చున్నాను. ఆ దెబ్బ తగిలింది నాకైనా కాదు.

పరీక్ష చేద్దామనుకున్నాను. మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్తాడేమో. చెప్తే నిజమే.

"అన్నయ్యా, నేను బడి మానేసిన రోజు నాన్నతో ఏమన్నావు?"

"నువ్వు బడి మానేశావా?" అన్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు పదో తరగతి పాసైతే నాన్న వీధి వీధంతా చెప్పుకొచ్చాడు కదరా!"

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ రాకుండా కత్తెర తీసుకుని ఏదో కత్తిరించాను.

రెండు రోజులాగి మళ్లీ అడిగాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"నేనేమీ అనలేదు" అన్నాడు. "చిన్నోణ్ణి మాన్పిస్తాను, నీకిష్టమేనా అనడిగాడు నాన్న. తలూపాను. నోటితో కూడా అనలేదురా. ఊరికే తలూపాను."

"మరి చెంప దెబ్బ?"

"ఎవరు కొట్టారు?"

మూడు మాటలు. మూడూ ఒకే నోటి నుంచి వచ్చాయి, ఒకే కుర్చీలోంచి. వీటిలో మా అన్నయ్య చెప్పింది ఏది, ఆయన జబ్బు చెప్పింది ఏది? ఊపిన తలే నిజమైతే, ఇన్నాళ్ల నా కోపం న్యాయం. అప్పుడు నాకు హాయిగా ఉండాలి. లేదు. చెంప దెబ్బ నిజమైతే ఇన్నాళ్లూ నేను ఒక మంచివాణ్ణి తిట్టుకున్నాను. అప్పుడు సిగ్గుగా ఉండాలి. అదీ లేదు. కొలత తీసుకోవడానికి మనిషి నిలబడడు, అటూ ఇటూ కదులుతాడు. ఎన్నిసార్లు టేపు వేసినా ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుంది. అలా ఉంది నా పరిస్థితి.

మర్నాడు చీటీల పుస్తకాల సంచీ బల్ల కింద దాచేశాను. "అయిపోయాయి. అచ్చుకిచ్చాను, వస్తాయి" అన్నాను. ఆయన సరేనన్నాడు. నేను ఒకతనికి వెనక తెర దగ్గర భుజం కొలుస్తున్నాను. ఇటు తిరిగేసరికి, జ్వరం పిల్లని చంకనేసుకున్న ఒకామె నా బల్ల ముందు ఉంది. అన్నయ్య నా నీలం సుద్దముక్క తీసుకుని, కాలరు కత్తిరించడానికి పెట్టుకున్న అట్ట కాగితం మీద మందు రాస్తున్నాడు. పిల్లకి రెండేళ్లుంటాయి. "పూటకి రెండు" అని పెద్దవాళ్ల బిళ్ల పేరు రాశాడు. ఆ బిళ్ల పేరు నాక్కూడా తెలుసు. నా నడుం నొప్పికి వేసుకునేది అదే.

నేను ఆ అట్ట ఆవిడ చేతిలోంచి లాక్కున్నాను. "ఇది నాకు కావాలమ్మా, కాలరుది. పాపని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇప్పుడే."

"నేను రాశాను కదరా" అన్నాడు అన్నయ్య.

"కొట్టు మూసేస్తున్నాను."

"ఇంకా పదకొండే కదా?"

"మూసేస్తున్నాను అన్నయ్యా, పద."

ఇంట్లో దింపాక వదినని పెరట్లోకి పిలిచాను. ఆరిన బట్టలు తీస్తోంది. చెప్పాను. టీచరమ్మ సంగతి, ఒకే మందు రెండు పేర్ల సంగతి, సుద్దముక్క సంగతి. ఆవిడ ఒక దుప్పటి మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"ఇంట్లో బాగానే ఉంటారు" అంది. "రాత్రి పేపరు చదివి వినిపిస్తారు." దుప్పటి నా చేతిలో పెట్టింది. "అయితే ఆ డబ్బాలకి చీటీలు నా కోసం అంటించలేదన్నమాట."

దుప్పటి పట్టుకుని నిలబడ్డాను.

అన్నయ్య పనిచేసిన ఆసుపత్రికే తీసుకెళ్లాం. చూసిన డాక్టరమ్మ ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే. అన్నయ్య ఆ గదిలోకి రాగానే ఆ అమ్మాయి లేచి నిలబడింది. ఆయన ఎప్పుడూ కూర్చునే వైపు కుర్చీలో కూర్చోబోయాడు. ఆ అమ్మాయి తను ఇవతలి స్టూలు మీద కూర్చుంది.

ఏ సంవత్సరం, ఏ నెల, వందలోంచి ఏడు తీస్తే ఎంత. అన్నయ్య నవ్వాడు. "ఈ ప్రశ్నలు నీకు నేర్పింది నేనే అమ్మాయ్. వరుస మార్చావు."

"అవును సార్. మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి సార్. తాళం, గుర్రం, నిమ్మకాయ."

గడియారం గీయించింది, కాసేపు అవీ ఇవీ మాట్లాడి ఆ మూడూ అడిగింది. ఆయన తాళం అన్నాడు. ఆలోచించాడు. "మిగతా రెండూ నీ దగ్గరే ఉంచు. మళ్లీ వచ్చి తీసుకెళ్తాను" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వబోయి కాగితంలోకి తల దించేసుకుంది.

ఆయన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. లోపల వదిన, నేను, ఆ అమ్మాయి.

"ఎప్పుడు మొదలైంది?" అంది. "మొదటిసారి ఎప్పుడు తేడాగా కనిపించారో కచ్చితంగా చెప్పగలిగితే మంచిది. ఎంత వేగంగా పెరుగుతోందో దాన్నిబట్టే తెలుస్తుంది. మందు కూడా దాన్నిబట్టే."

"నాకు తెలీదమ్మా" అంది వదిన. "పగలంతా ఆయన్ని చూసింది మరిదే."

ఇద్దరూ నా వైపు చూశారు.

టీచరమ్మ వచ్చిన రోజు అంటే సరిపోయేది. అందరూ నమ్మేవాళ్లు. అది అబద్ధం అని కూడా ఎవరూ అనలేరు. ఆ రోజే కదా బయటపడింది. అప్పుడు అంతకు మూడు వారాల ముందటి వాన మధ్యాహ్నం మా అన్నయ్య బుర్ర సరిగ్గానే ఉన్నట్టు. చెంప మీద వేళ్లు తేలి ఉన్నట్టు. తర్వాత చెప్పిన తల ఊపడం జబ్బుదైనట్టు. ఇలా ఒక్క తేదీతో నా నలభై అయిదేళ్లు చక్కబడతాయి. నెల తిరక్కుండా నాకు అదే తేదీ నిజమని కూడా అనిపిస్తుంది. నన్ను నేను ఎరుగుదును.

"ఏమండీ?" అంది డాక్టరమ్మ. కలం పట్టుకుని ఉంది.

"బళ్లు తెరవక ముందే" అన్నాను. "వానలు ఇంకా పడలేదు. కొట్టుకి రావడం మొదలుపెట్టిన మూడో రోజు. ఒకే రోజు రెండుసార్లు పొద్దున్న అయింది ఆయనకి. నేను నవ్వాను. నేను నవ్వానని ఆయనా నవ్వాడు."

"ఖాయమేనా?"

"ఖాయమే."

రాసుకుంది. ఏ నెలో అడిగితే నెల కూడా చెప్పాను.

వదిన మందుల చీటీ కోసం లోపలే ఉండిపోయింది. నేను బయటికొచ్చాను. వసారా పొడుగునా జనం. అన్నయ్య బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని, తన వంతు కోసం కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. లేచి మళ్లీ కూర్చున్నాను, ఎందుకో తెలీదు. చెప్పినందుకా, ఆ వాన మధ్యాహ్నం పోయినందుకా. అసలు నా దగ్గర ఏదైనా ఉండి పోయిందా అన్నది ఇప్పటికీ నాకు తేలలేదు.

"మనిద్దరిలో చూపించుకోవడానికొచ్చింది ఎవరం?" అన్నాడు మెల్లగా, పక్కవాళ్లకి వినపడకుండా.

"నేనే" అన్నాను.

"చెయ్యి ఇలా ఇవ్వు."

మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి, ఎదురుగా గోడ గడియారం మీద చూపు పెట్టాడు. పెదాలు కదుపుతూ లెక్కపెట్టాడు. ఒక నిమిషం నిండా లెక్కపెట్టాడు. ఆ వేళ్లకి ఏమీ కాలేదు.

"తొంభై ఎనిమిది" అన్నాడు. "దేనికిరా నీకింత కంగారు? ఎవరికేమైంది?"